నా క్రిస్టల్స్ జపాన్‌లో, నేను నల్లగొండలో

ఎక్స్‌రే లేజర్ మీద మాకు ఇచ్చిన సమయం, అంటే బీమ్‌టైమ్, అయిపోయి పన్నెండు రోజులైంది. మా జూనియర్లు ఇద్దరు ముగ్గురు వచ్చే విడతలో ఎక్స్‌రే లేజర్‌కు ప్రపోజల్ పెట్టాలని చూస్తున్నారు. "అక్కా, అసలు ఏం జరుగుతది, ఎన్ని నెలలు పడతది" అని రోజూ ఫోన్లే. ఒక్కొక్కరికి చెప్పలేక అంతా ఒకేసారి రాస్తున్నాను. పేపర్ ఇంకా రాలేదు కాబట్టి ప్రొటీన్ పేరు మాత్రం చెప్పను. క్షయ బ్యాక్టీరియాలో ఉండే ఒక ఎంజైమ్. నడుమ హీమ్ అనే చిన్న అణువు ఉంటుంది, హీమ్ నడుమ ఇనుము. అందుకే ఎర్రగా ఉంటుంది.

నన్ను లేజర్ దాకా ఈడ్చుకుపోయింది ఆ ఇనుమే. ప్రొటీన్‌ను క్రిస్టల్స్ (స్ఫటికాలు) చేసి ఎక్స్‌రేలు వేస్తే డిటెక్టర్ మీద చుక్కలు పడతాయి, ఆ చుక్కల నుంచి దాని లోపలి ఆకారం, అంటే స్ట్రక్చర్, తేల్చడం మా పని. 2022 డిసెంబర్‌లో ఇండోర్ వెళ్ళి ఇండస్-2 సింక్రోట్రాన్‌లో (ఎక్స్‌రేలు పుట్టించే పెద్ద మెషిన్) డేటా తీశాం. చుక్కలు చక్కగా వచ్చాయి, స్ట్రక్చర్ కూడా తేలింది. కానీ ఎక్స్‌రేలు తగిలిన క్రిస్టల్‌లో ఎలక్ట్రాన్లు ఊడి, ఇనుము మీదికి చేరతాయి. ఒక ఎలక్ట్రాన్ తక్కువున్న ఫెర్రిక్ ఇనుము కాస్తా ఎలక్ట్రాన్ చేరి ఫెర్రస్ అవుతుంది. నేను ఏ స్థితిని చూడాలనుకున్నానో అది చూస్తుండగానే మారిపోతుందన్నమాట. ద్రవ నైట్రోజన్ చలిలో పెట్టినా ఆగదు. ఆ మెషిన్ తప్పేం కాదు, ఏ సింక్రోట్రాన్‌లోనైనా ఇదే గోల. మా సార్ ఆ చుక్కల నుంచి గీసిన ఎంజైమ్ మ్యాప్ చూసి, "ఇది నీ ఎంజైమ్ కాదమ్మా, దాని శవం" అన్నారు. ఆ మాటకు వారం రోజులు నాకు అన్నం సహించలేదు.

లేజర్‌లో ఉపాయం ఏమిటంటే, దెబ్బ పైకి తేలేలోపే ఫోటో తీసేయడం. జపాన్‌లోని సాక్లా అనే ఎక్స్‌రే లేజర్‌లో ఒక్కో పల్స్ పది ఫెంటోసెకన్లకు, అంటే సెకనులో కోటి కోట్ల వంతుకు, మించదు. అంతసేపట్లో కాంతి పోయేది మూడు మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు), నా క్రిస్టల్ వెడల్పు పది మైక్రాన్లు. పరమాణువులు చెదిరేలోపు పల్స్ దాటిపోతుంది, ఆ వెనకే క్రిస్టల్ పేలి ఆవిరైపోతుంది. ఇది కుదురుతుందని 2000లో స్వీడన్‌లోని ఉప్సాలా వాళ్ళు కంప్యూటర్ లెక్కలు వేసి చెబితే, 2011లో అమెరికాలో ఎల్‌సీఎల్‌ఎస్ లేజర్ మీద కిరణజన్య సంయోగక్రియలో పనిచేసే ఫొటోసిస్టమ్-1 అనే ప్రొటీన్ క్రిస్టల్స్‌తో రుజువైంది. క్రిస్టల్‌కు ఒక్క ఫోటోనే. అది ఏ కోణంలో దొరికితే ఆ కోణంలో తీసుకోవాలి. కాబట్టి వేలకు వేల క్రిస్టల్స్ కావాలి, ఒకటి వెంబడి ఒకటి.

మన దేశంలో ఇలాంటి లేజర్ లేదు. జపాన్‌లో ఒక గ్రూపుతో కలిసి 2023 మే రెండో వారంలో ప్రపోజల్ పెట్టాం. ఆగస్టు ఆఖర్లో మెయిల్ వచ్చింది: ఫిబ్రవరిలో రెండు షిఫ్టులు, ఒక్కోటి 12 గంటలు. ఏడాది కష్టానికి ఇరవై నాలుగు గంటలా అనిపించింది. ఆ రెండూ దొరకనివాళ్ళే ఎక్కువమందని సార్ అన్నాక నోరు మూసుకున్నాను.

ఇక అసలు పని. అంతకు ముందు మూడేళ్ళు నేను పడ్డ పాటంతా పెద్ద క్రిస్టల్స్ కోసమే. పావు మిల్లీమీటర్ క్రిస్టల్ వస్తే ఆ రోజు ల్యాబ్‌లో అందరికీ సమోసాలు. ఇప్పుడేమో చిన్నవి కావాలి, అన్నీ ఒకే సైజులో కావాలి, మిల్లీలీటరుకు కోటి దాకా కావాలి. ప్రాణంగా దాచుకున్న పెద్ద క్రిస్టల్స్‌ని ఒక ట్యూబ్‌లో వేసి, చిన్న స్టీలు గుండు వేసి, గడగడా ఊపి పిండి చేశాను. ఆ పిండే విత్తనం. దాన్ని కొత్త ప్రొటీన్‌లో ఇంత కలిపి, క్రిస్టల్స్ కట్టించే పీఈజీ ద్రావణం పోస్తే, మామూలు వేలాడే చుక్క పద్ధతిలో తొమ్మిది రోజులకు గాని రాని క్రిస్టల్స్ నలభై నిమిషాల్లో ట్యూబంతా పొగమంచులా కమ్ముకున్నాయి. ఆ రాత్రి ఆనందం పట్టలేక అమ్మకు వీడియో కాల్ చేసి ట్యూబ్ చూపించాను. అడుగున పేరుకున్న ఎర్రటి పొడి చూసి, "ఏందే, ఇటుకపొడి లెక్కుంది" అంది. నిజంగా అట్లాగే ఉంది.

అనుకున్నంత తేలిగ్గా ఏమీ జరగలేదు. మొదటి బ్యాచ్‌లో సగం సూదుల్లా పెరిగాయి. రెండో బ్యాచ్ బాగుంది కానీ మూడో వారానికి ఒకదానికొకటి అంటుకుని గుత్తులు కట్టాయి. సెప్టెంబర్ నుంచి జనవరి దాకా మొత్తం 36 లీటర్ల కల్చర్, అంటే మా ప్రొటీన్ తయారుచేసే బ్యాక్టీరియా, పెంచాను. హీమ్ సరిగ్గా ఎక్కాలంటే బ్యాక్టీరియాకు ఏఎల్‌ఏ అనే పొడి పెట్టాలి, దానికే ముప్పై ఎనిమిది వేలు అయింది. రక్తకణాలు లెక్కపెట్టే గాజు చాంబర్‌లో క్రిస్టల్స్ లెక్కపెట్టీ పెట్టీ, కళ్ళు మూసుకున్నా గడులే కనిపించేవి. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ప్రపోజల్‌లో "మైక్రోక్రిస్టల్స్ సిద్ధంగా ఉన్నాయి" అని రాసేటప్పుడు మేం ధైర్యంగా రాసేశాం. అప్పటికి నా దగ్గర ఉన్నది మైక్రోస్కోప్ కింద తీసిన ఒక్క ఫోటో. మీరు అట్లా రాయకండి.

ఇప్పుడు పాస్‌పోర్టు సంగతి. ఇది పూర్తిగా నా నిర్లక్ష్యం. 2014లో తీసుకున్న పాస్‌పోర్టు గడువు దగ్గరపడిందని ఆగస్టులోనే తెలుసు. కల్చర్లు, కాలమ్‌లు అంటూ నవంబర్ దాకా నానబెట్టాను. పోనీ పెట్టేటప్పుడైనా ఒళ్ళు దగ్గర పెట్టుకున్నానా అంటే, పాత అడ్రసే ఎక్కించాను. మా ఊరు తుంగతుర్తి దగ్గర. పాస్‌పోర్టు తీసుకున్నప్పుడు అది నల్లగొండ జిల్లా. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడదీసినప్పుడు సూర్యాపేట జిల్లాలోకి పోయింది. మేమేమో అంతకుముందే ఊళ్ళో ఇల్లు తాళం వేసి నల్లగొండ టౌన్‌కు వచ్చేశాం, నాయిన మోటార్ వైండింగ్ షాపు ఇక్కడే. ఎంక్వయిరీకి ఊళ్ళోకి వచ్చినాయన తాళం చూసి వెళ్ళిపోయాడు. ఆయన మాత్రం ఏం చేస్తాడు? మళ్ళీ కాగితాలు, మళ్ళీ అడ్రస్ రుజువులు, సంక్రాంతి సెలవులు. ఫీజు 1,500, తిరుగుడు ఖర్చు దానికి రెండింతలు. కొత్త పాస్‌పోర్టు చేతికొచ్చేసరికి జనవరి 29. జపాన్ నుంచి ఆహ్వాన పత్రం, గ్యారంటీ లెటర్, రోజువారీ షెడ్యూల్ అన్నీ ముందే తెప్పించి పెట్టుకున్నాను కాబట్టి మర్నాడే వీసాకు ఇచ్చాను. ఫిబ్రవరి 5 దాకా కొరియర్ కోసం వాకిట్లోనే ఉన్నాను. 6న మా సీనియర్ అన్న ఒక్కడే ఫ్లైట్ ఎక్కాడు. నా టికెట్ రద్దు చేస్తే పద్నాలుగు వేలు కోసుకున్నారు.

ఆ రోజు ఏడ్చాను. నాయిన షాపు నుంచి మధ్యాహ్నమే వచ్చి ఏమీ మాట్లాడకుండా పక్కన కూర్చున్నాడు. అమ్మ మాత్రం చెరువుగట్టు రామలింగేశ్వరునికి ఇంకో మొక్కు కలిపింది. నా వీసాకు ఒకటి, క్రిస్టల్స్‌కు వేరే.

క్రిస్టల్స్ ప్రయాణం గురించి నలుగురూ అడిగే ప్రశ్న ఒకటుంది. వీటిని గడ్డకట్టించకూడదు, కుదిపేయకూడదు, ఇరవై డిగ్రీల దగ్గర ఉంచాలి. లగేజీలో వేస్తే చలికి పాడవుతాయని చేతిసంచిలోనే పెట్టాం: థర్మోకోల్ డబ్బాలో ఎనిమిది ట్యూబులు, ఒక్కోటి ఒకటిన్నర మిల్లీలీటర్లు, పైన ఇన్‌స్టిట్యూట్ లెటర్‌హెడ్ మీద ఇవి ప్రమాదకరం కాని ప్రొటీన్ అని ఒక ఉత్తరం. శంషాబాద్‌లో స్కానర్ ముందు అన్నకు గుండె దడ. "చెల్లే, ఎక్స్‌రే మెషిన్ల పెట్టమంటున్నరు, పెట్టాల్నా?" అని మెసేజ్. సామాన్లు చూసే ఎక్స్‌రే డోసు ఎంత, మేం పెట్టబోయే లేజర్ ఎంత! "పెట్టు అన్నా, అక్కడికి పొయ్యి చేసేది అదే కదా" అని కొట్టాను. ఒసాకాలో దిగి, రైలు మారి, అయోయి స్టేషన్ నుంచి కొండల మీదికి బస్సెక్కి సాక్లా ఉన్న హరిమా చేరేసరికి క్రిస్టల్స్ అడుగున గట్టిగా పేరుకుపోయాయట. మెల్లగా తలకిందులు చేస్తూ కదిలిస్తే విడిపోయాయి. మైక్రోస్కోప్ ఫోటో వచ్చాకే నేను ఆ రోజు అన్నం తిన్నాను.

మాకు జపాన్ టైమ్ ఉదయం 10 నుంచి రాత్రి 10 దాకా షిఫ్టు, అంటే మనకు పొద్దున 6:30 నుంచి సాయంత్రం 6:30. ఇంటి ముందుగదిలో అమ్మ కుట్టుమిషన్ బల్ల ఖాళీ చేయించి లాప్‌టాప్ పెట్టాను. ఒక కిటికీలో వీడియో కాల్, ఒకదాంట్లో క్రిస్టల్స్ దిగే నాజిల్ మీది కెమెరా, ఒకదాంట్లో అక్కడి కంప్యూటర్లకు టెర్మినల్. డేటా అంతా జపాన్‌లోనే ఉంటుంది, మన ఇంటికి వచ్చేది తెర మాత్రమే, కాబట్టి మామూలు నెట్ సరిపోతుంది. నా పని ఇండెక్సింగ్: వచ్చిన ఫోటోల్లో ఏవి పనికొస్తాయో, క్రిస్టల్ ఏ కోణంలో ఉందో క్రిస్ట్‌ఫెల్ ప్రోగ్రామ్‌తో తేల్చి ఎప్పటికప్పుడు వాళ్ళకు చెప్పాలి.

మొదట లైసోజైమ్. కోడిగుడ్డు తెల్లసొన నుంచి వచ్చే ఈ ప్రొటీన్ ఎవరు ఏ బీమ్‌లైన్‌కు పోయినా ముందు పెట్టే కొబ్బరికాయ. యాభై నిమిషాలు నడిచింది, ముప్పై శాతం దాకా హిట్లు. హిట్ అంటే పల్స్ వచ్చినప్పుడు దాని దారిలో క్రిస్టల్ ఉండటం. సెకనుకు 30 పల్స్‌లు, గంటకు లక్షా ఎనిమిది వేల ఫోటోలు. వాటిలో చాలా భాగం ఖాళీవే.

తర్వాత మాది పెట్టారు. నీళ్ళలో కలిపి జెట్‌లా కొడితే నిమిషానికి పది ఇరవై మైక్రోలీటర్లు కారిపోతుంది, మా దగ్గర అంత సరుకు లేదు. అందుకని గ్రీజులో కలిపి పంపుతారు. అన్న గాజుపలక మీద పదో వంతు క్రిస్టల్స్, మిగతాది గ్రీజు వేసి స్పాచులాతో నూరుతుంటే వీడియోలో నాయిన చూశాడు.

"గ్రీజంటే మన బేరింగులకు పెట్టేదేనా?"

"అట్లాంటిదే నాయినా. శుద్ధమైంది."

"గింతమంది సదువుకున్నోళ్ళు గ్రీజు పూసుకుంటున్నరా!" ఆయనకు ఆ రోజంతా సంతోషం.

ఈ గ్రీజు వంద మైక్రాన్ల సందులోంచి, మురుకుల గొట్టం లోంచి పిండి దిగినట్టు, నిమిషానికి అర మైక్రోలీటరు చొప్పున కిందికి దిగాలి. మందు డ్రాపర్‌తో వేసే ఒక్క చుక్క గంటన్నర పైన నడుస్తుంది. దిగితే! మాది దిగలేదు. కెమెరాలో చూస్తుండగానే ఆ సన్నటి దారం పక్కకు వంగి, పైకి లేచి, నాజిల్ మొనకే సకినం చుట్టినట్టు చుట్టుకుంది. వాళ్ళు తుడిచారు. మళ్ళీ సకినం. హిట్ రేటు 3 శాతం, ఒక్కోసారి సున్నా.

నాయిన టీ గ్లాసు పట్టుకుని వెనక నిలబడ్డాడు. "వడబోసిన్రా బిడ్డా? పత్తికి మందు కొట్టేటప్పుడు వడబొయ్యకుంటే నాజిల్ జామైతది."

"వడబోసినం నాయినా. ముప్పై మైక్రాన్ల జాలీల, రెండుసార్లు."

"ఊఁ" అని గ్లాసు అక్కడే పెట్టి షాపుకు పోయాడు. సగం టీ మిగిలిపోయింది.

చివరికి జపాన్ వాళ్ళు నాజిల్ చుట్టూ హీలియం గాలి వేగం కొంచెం కొంచెం పెంచుతూ పోయారు. ఒక దగ్గర దారం నిటారుగా నిలబడింది. అది పట్టడానికి గంటా ఇరవై నిమిషాలు. అంతసేపూ లేజర్ సెకనుకు ముప్పైసార్లు ఖాళీగా పోతూనే ఉంటుంది, మనకోసం ఆగదు. ఆ అంకె చూస్తూ కూర్చోవడం కంటే కల్చర్ పోగొట్టుకోవడం నయం. తర్వాత హిట్ రేటు 6, 7, ఒకసారి 9.

ఈ సందట్లోనే మైక్ ఆఫ్ చేయడం మరిచిపోయాను. వంటింట్లో కుక్కర్ మూడు విజిళ్ళు వేసింది. అక్కడ కంట్రోల్ రూములో ఒకాయన కంగారుగా లేచి, ఏదైనా అలారమా అని అన్నను అడిగాడు. పప్పు అని చెప్పాల్సి వచ్చింది.

ఆ తర్వాత తప్పు నాది. హిట్లు వస్తున్నాయి గానీ ఇండెక్స్ అయ్యేవి వందకు పద్నాలుగే. క్రిస్టల్స్ పాడయ్యాయేమో, ప్రయాణంలో ఎండిపోయాయేమో అని అక్కడ చర్చ మొదలైంది. అన్న గొంతులో నీరసం తెలుస్తోంది. నేను ఒక్కో ఫోటో తెరిచి చూస్తే చుక్కలు పదునుగా, బతికున్న క్రిస్టల్ చుక్కల్లాగే ఉన్నాయి. మరెందుకు? ఇంతలో కరెంటు పోయింది. రూటర్ ఆరిపోయింది. మొబైల్ హాట్‌స్పాట్ పెట్టుకుని, బూస్టర్ ప్యాక్ వేసుకుని, మళ్ళీ లోపలికి వెళ్ళేసరికి పన్నెండు నిమిషాలు. ఆ పన్నెండు నిమిషాల్లో పని లేక నోట్‌బుక్ తిరగేస్తుంటే తట్టింది. నేను రెండు నెలలు అందరికీ అందుబాటులో ఉండే పాత డేటాతో ఇంట్లో ప్రాక్టీసు చేశాను. డిటెక్టర్ వివరాల ఫైలు ఆ ప్రాక్టీసుదే కాపీ చేసుకున్నాను. క్రిస్టల్ నుంచి డిటెక్టర్ దూరం అందులో వేరు, ఇవాళ్టిది వేరు. తేడా ఒకటిన్నర మిల్లీమీటరు. పొద్దున లైసోజైమ్‌తో సరిచేసిన ఫైలు వాళ్ళు పంపారు కూడా, నేను తెరవలేదు. అది పెట్టి నడిపితే పద్నాలుగు కాస్తా యాభై ఎనిమిది. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అక్కడ నలుగురు గంటన్నర నా క్రిస్టల్స్‌ని అనుమానించారు.

తొలిరోజు ముగిసేసరికి ఇరవై ఒక్క వేల పైచిలుకు ఫోటోలు ఇండెక్స్ అయ్యాయి. రాత్రి అమ్మ అన్నం పెడుతూ అడిగింది: "అయితే నువ్వు ఏడాది పెంచినవన్నీ కాల్చేసిన్రా?"

"ఒక్కోటి ఒక్క ఫోటో ఇచ్చి పోతదమ్మా."

"ఇంకేం మిగలదా?"

"తుడిచిన బట్ట మీద గ్రీజు మరక."

అమ్మ ఏమనలేదు, ఇంకో గరిటె పప్పు వేసింది.

రెండో రోజు శాంపిల్ ఫ్లోరైడ్‌లో నానబెట్టిన క్రిస్టల్స్. ఫెర్రిక్ హీమ్‌కు ఫ్లోరైడ్ అతుక్కుంటుంది, ఇనుము దగ్గర ఏది ఎంత దూరంలో ఉందో పోల్చి చూడటానికి పనికొస్తుంది. ఇది నిర్ణయించినప్పటి నుంచి ల్యాబ్‌లో ఒకటే జోకు: నల్లగొండ పిల్లవు కదా, బాటిల్ కొనడం ఎందుకు, మీ బోరు నీళ్ళు తే. మా నాయనమ్మ వంగిపోయిన కాళ్ళతో ఇరవై ఏళ్ళు మంచం మీంచి వాకిట్లోకి, వాకిట్లోంచి మంచం మీదికి పాకింది. ఆ జోకుకు నేనెప్పుడూ నవ్వలేదు. బాటిల్ కొన్నాం.

ఆ రోజు రాయడానికి పెద్దగా ఏమీ లేదు, అంటే బాగా జరిగిందని. మధ్యలో సిరంజిలో గాలిబుడగ వచ్చి దారం రెండుసార్లు తెగింది. మధ్యాహ్నం నాకు నిద్ర ముంచుకొచ్చింది, హిట్ రేటు గీత చూస్తూ కూర్చోవడం వాన చూడటం లాంటిది. ఆఖరి గంటకు ట్యూబుల్లో మిగిలిందంతా కలిపి వేసేశారు. అక్కడ రాత్రి పదికి షట్టర్ మూసేశారు. ఆ రోజు ఇండెక్స్ అయిన ఫోటోలు పదహారు వేలు. అందరూ వంగి నమస్కారాలు చెప్పుకుంటుంటే నేను ఇక్కడ కుట్టుమిషన్ ముందు తల వంచాను. అప్పటికి వీడియో ఆగిపోయి ఉందని తర్వాత తెలిసింది.

డేటా ఇంకా చూస్తున్నాం. 1.9 ఆంగ్‌స్ట్రామ్ (ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటర్‌లో కోటి వంతుల్లో ఒకటి) దాకా వివరం వస్తోంది, గది ఉష్ణోగ్రతలో, గడ్డకట్టించకుండా. మొదటి రోజు మ్యాప్‌లో ఇనుము పక్కన ఒక ముద్ద కనిపిస్తోంది. ఇండోర్ డేటాలో అది ఆ స్థానంలో లేదు. నీటి అణువు అని సార్ అంటున్నారు, నాకింకా నమ్మకం కుదరలేదు, ఇద్దరం వారం నుంచి వాదించుకుంటున్నాం. బీమ్‌కు అద్దె లేదు, ఫలితాలు అచ్చువేయాలన్నదే షరతు. కాబట్టి ఈ వాదన ఎట్లాగైనా తేలాలి.

బీమ్‌టైమ్ అయిపోయిన నాలుగో రోజు కొరియర్ వచ్చింది. కొత్త పాస్‌పోర్టు, లోపల జపాన్ వీసా స్టిక్కర్, చెర్రీ పూల బొమ్మతో. నాయిన కళ్ళద్దాలు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఎన్నొద్దులు పనికొస్తది?"

"మూడు నెలలు."

"అప్పటిదాంక మళ్ళ లేజర్ వెయ్యరా?"

"ప్రపోజల్ పెట్టాలె నాయినా. మేలో."

"మరి పెట్టు" అని పాస్‌పోర్టును ఒక ప్లాస్టిక్ కవర్‌లో వేసి, బీరువాలో ఊళ్ళో ఇంటి కాగితాల కట్ట మీద పెట్టాడు.